గుట్టమీది సాక్షి

అమెరికా అధ్యక్షుడికి బైబిలుతో పని నాలుగేళ్లకోసారే. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణం చేస్తుంటే భార్య రెండు బైబిళ్లు పట్టుకుని పక్కనే నిలబడింది. ఆయన చెయ్యి వాటి మీద పడనే లేదు. మన యాదగిరిగుట్ట నరసింహస్వామికి, అదే మన నర్సన్నకు, అంత తీరికేదీ?

మునుగోడు ఉప ఎన్నిక వేడిలో, 2022 అక్టోబరులో, బీజేపీ నేత బండి సంజయ్ తడిబట్టలతో గుట్ట మీద నిలబడి, ఎమ్మెల్యేల కొనుగోలు బేరంతో మా పార్టీకి సంబంధం లేదని ఒట్టేశారు. 2024 ఎన్నికల సభల్లో కాంగ్రెస్ నేత రేవంత్‌రెడ్డి పంద్రాగస్టులోగా రెండు లక్షల రైతు రుణమాఫీ ఖాయమని అదే స్వామి మీద ఒట్టేశారు. జిల్లా మారితే దేవుడూ మారాడు, పాలమూరు వైపు జోగులాంబ తల్లి. గడువు దాటగానే, మాఫీ అందరికీ కాలేదంటూ బీఆర్ఎస్ నేత హరీశ్‌రావు గుట్టకొచ్చి, ఒట్టు తప్పిన పాపం జనానికి తగలొద్దని పూజ చేయించారు. ఒట్టు ఒకరిది, పరిహారం ఇంకొకరిది! (హరీశ్ పార్టీ ఏలుబడిలోనే, 2019లో, గుడి రాతిస్తంభాల మీద కేసీఆర్ బొమ్మ, కారు గుర్తు వెలిశాయి. గోల లేచాక తొలగించారు.)

మూడు పార్టీలకూ సాక్షి నర్సన్నే. బోనెక్కించి నిజం చెప్పమనే ధైర్యం మాత్రం ఏ పార్టీకీ లేదు. అసలే ఉగ్రమూర్తి.