ఎవరి నీళ్లు తాగినావో చూడు

ఉగాది దాటిందంటే కర్నూలు ఎండ మనిషిని బయట నిలబడనివ్వదు. 42, 43 డిగ్రీలంటే మాకు వార్తే కాదు. ఏడాది మొత్తం మీద కురిసేది 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. అదీ కురిసిన ఏడు కురిసినట్టు, లేకపోతే లేదు. కర్నూలు కానీ కడప కానీ, ఈ నేల మీద పుట్టినవాడికి దాహమంటే ఏందో ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఎండలు ముదిరేసరికి బస్టాండు దగ్గర, కొండారెడ్డి బురుజు చుట్టూ, మార్కెట్ యార్డు దారిలో చలివేంద్రాలు వెలుస్తాయి. నాలుగు వెదురు బొంగులు నాటి, పైన తాటాకో షామియానా గుడ్డో కప్పి, కింద ఇసుక పరిచి, దాని మీద కొత్త కుండలు పెట్టి తడి గోనెపట్టా చుడతారు. కుండ చెమర్చే కొద్దీ నీళ్లు చల్లబడతాయి.

పాతబస్తీలో నాకు బట్టల కొట్టు ఉంది. నాన్న పోయిన మరుసటి వేసవి నుంచి కొట్టు ముందర ఆయన పేరు మీద నేనూ ఒక చలివేంద్రం పెడుతూ వచ్చాను. ఖర్చుకు వెనకాడలేదు. నీళ్లు పోయడానికి ఒక మనిషిని పెట్టాను. ఆదివారాల్లో ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. వీటన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ బోర్డు మీద పెట్టాను. నాన్న నిలువెత్తు ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు, దాని కింద నా పేరు, ఆ కింద కొట్టు పేరు. గ్లాసులు పోకుండా గొలుసులు కట్టించాను.

మా వైపు దానం మాట వస్తే బుడ్డా వెంగళరెడ్డి పేరు రాక మానదు. 1866 కరువులో ఉయ్యాలవాడలో ఆయన వేలమందికి అన్నం పెట్టి, గంజి పోసి నిలబెట్టాడు. ఆ సంగతి లండన్ దాకా పోయి విక్టోరియా రాణి బంగారు పతకం పంపించింది. చిన్నప్పుడు నాన్న ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నా మనసులో నిలిచింది పతకమే. గంజికి వచ్చినవాళ్లలో ఎవరు దండం పెట్టారు, ఎవరు పెట్టకుండా పోయారు అని ఆయన లెక్క చూసుకుంటూ కూర్చుని ఉంటే ఆ పొయ్యిలు అంత కాలం మండేవి కావన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

నేను మాత్రం ఆ లెక్కే చూసుకుంటూ కూర్చున్నాను. గల్లాపెట్టె దగ్గరి నుంచి చలివేంద్రం కనబడుతుంది. వచ్చినవాళ్లు గ్లాసు ఎత్తి గటగటా తాగుతారు, మిగిలిన చుక్కలు ముఖాన చల్లుకుంటారు, పోతారు. తల పైకెత్తి బోర్డు చూసేవాళ్లు అరుదు. చూసినవాళ్లను చూస్తే నాకు సంతోషం. చూడనివాళ్ల మీద కోపం. ‘జనాలకు విశ్వాసం లేదప్పా’ అని కొట్టుకు వచ్చినవాళ్లతో అంటూ ఉండేవాణ్ని. ఖాళీ సీసా పట్టుకొచ్చి నింపుకునే ఆడవాళ్లను ‘తాగి పోండి, సీసాలకు కాదు’ అని కసిరేవాణ్ని. ఆ సీసా ఇంటి దగ్గర ఎవరి కోసమో నేను అడగలేదు.

ఒక రోజు మధ్యాహ్నం ఒక హమాలీ వచ్చాడు. యార్డులో ఎర్రగడ్డల మూటలు మోసి వచ్చినట్టుంది. బనియను వీపుకు అతుక్కుపోయింది, చేతుల నిండా గడ్డల పొట్టు. వరసగా గ్లాసు తర్వాత గ్లాసు తాగి, తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని, ఒక్క మాట లేకుండా మళ్లుకున్నాడు. నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. లేచి బయటికి వచ్చి, ‘ఏమప్పా, ఎవరి నీళ్లు తాగినావో ఒకసారి పైకి చూడు’ అని గట్టిగా పిలిచాను. అతను ఆగాడు. వెనక్కి వచ్చి బోర్డు కేసి చూశాడు. చదువు రాదని అతని చూపు చెబుతూనే ఉంది. అక్షరాల మీద ఆ చూపు ఎక్కడా ఆగలేదు, ఫోటో మీదే ఆగింది. ఫోటోకు దండ ఉంది, నాన్న నుదుట బొట్టు ఉంది. అతను తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని మొక్కాడు. దేవుడనుకున్నాడు. నేను కాదనలేదు. మనసులో ఏదో తృప్తి, దాన్ని దాచుకుని లోపలికి వచ్చి కూర్చున్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ ఇంట్లో చెప్పాను. మా ఆవిడ వడ్డించడం ఆపి, ‘దప్పికైన మనిషి పైకి చూస్తాడా?’ అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా తప్పు ఆమెదే అనుకున్నాను.

ఆ వేసవిలోనే శ్రీరామనవమి దాటాక ఒంటిమిట్ట రాముడి కల్యాణం చూద్దామని కడప బయలుదేరాను. కర్నూలు నుంచి కడప దారి ఎరిగినవాళ్లకు తెలుసు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. చాగలమర్రి దాటాక బస్సు ఆగిపోయింది. ఇంకో బస్సు వస్తుందన్నారు. మధ్యాహ్నం. తెచ్చుకున్న సీసా నంద్యాలలోనే అయిపోయింది. షుగరు మనిషిని, పొద్దున మాత్ర వేసుకుని సరిగా తినలేదు. వేపచెట్టు కింద కూర్చునేసరికి చేతులు వణకడం మొదలైంది, చెమటలు పట్టాయి, కళ్ల ముందర చీకట్లు.

రోడ్డుకు ఇవతల ఒక కొట్టం ఉంది. అందులోంచి ఒక అవ్వ వచ్చి నన్ను చూసింది. ఊరూ పేరూ అడగలేదు. ‘షుగరుండాదా నాయనా? మా పెద్దోడికీ ఇట్లనే వస్తాది’ అంటూ లోపలికి పోయి బెల్లం గడ్డ తెచ్చి నోట్లో పెట్టింది. నేను చేయి చాపలేదు, ఆమే పెట్టింది. తర్వాత చెంబెడు నీళ్లు. కాసేపటికి, చీర కొంగుతో తుడిచిన సత్తు తట్టలో రాగి సంకటి ముద్ద, చెనిక్కాయల చట్నీ. పొద్దుటి సంకటి, పైన కాస్త గట్టిపడింది. మజ్జిగ పోసి వేళ్లతో మెదిపి ఇచ్చింది. తిన్నాను. వణుకు తగ్గింది. ఆ ఇంట్లో ఆ పూటకు ఇంకో ముద్ద మిగిలి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రాణం కుదుటపడగానే నేను చేసిన మొదటి పని జేబులోంచి ఐదు వందల నోటు తీసి ఆమె చేతిలో పెట్టడం. ఆమెకు కోపం రాలేదు, నొచ్చుకున్నట్టు కూడా అనిపించలేదు. ‘మజ్జిగకు దుడ్లేంది నాయనా, లోపల పెట్టుకో’ అని నోటు మడిచి నా జేబులోనే దోపింది. అప్పుడే రెండో బస్సు వచ్చింది. ఆమె గబగబా కొట్టంలోకి పోయి ఒక గుడ్డ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ‘కడపకే కదా పొయ్యేది? మా మనవడు హాస్టల్లో సదువుకుంటాండాడు. బస్టాండుకొస్తాడు, వాని చేతికియ్యి.’ అడగడంలో మొహమాటం లేదు, పెట్టడంలో గొప్ప లేదు. రెండూ ఆమెకు ఒకే తీరు.

కడప దాకా ఆ సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఉండలు కాబోలు, బస్సంతా వాసన. కడప బస్టాండులో ఒక పిల్లవాడు ఫోన్ చెవిన పెట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. సంచి తీసుకున్నాడు, మూతి విప్పి లోపలికి చూశాడు, ‘ఆ, వచ్చిందవ్వా’ అని ఫోనులో చెప్పి గుంపులో కలిసిపోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అలవాటు ప్రకారం నాలో కోపం లేవబోయింది. లేచీ లేవకముందే ఇంకో సంగతి తట్టింది. నేను ఆ అవ్వతో ఏం మాట్లాడాను? నోటు తీశాను, అంతే. ఆ నోటులో నా కృతజ్ఞత లేదు. ముక్కూ మొహం తెలియని ఒక బీద ముసలమ్మకు బాకీ పడి ఉండటం నా వల్ల కాదు, ఆ బాకీ అక్కడికక్కడే తీరిపోవాలి, అదీ నా తొందర. బోర్డు పెట్టినవాడూ నోటు తీసినవాడూ ఒకడే. ఇచ్చినప్పుడు దండం వసూలు చేసుకోవాలి, తీసుకున్నప్పుడు డబ్బు పారేసి చేతులు దులుపుకోవాలి. ఇన్నేళ్లు నేను దీన్నే మర్యాద అనుకుని బతికాను.

మరుసటి రోజు ఒంటిమిట్టలో ఇమాంబేగ్ బావి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. 1640లో ఇమాంబేగ్ అనే అధికారి తవ్వించాడంటారు. మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగి, తానే ‘రామా’ అని పిలిస్తే గుడిలోంచి ‘ఓ’ అన్న పలుకు వచ్చిందనీ, దానితో ఆయన ఈ బావి తవ్వించాడనీ ఊళ్లో చెప్పుకునే కథ. ఇంతకు ముందయితే, ‘చూడు, ఆయన పేరు కూడా నిలిచింది కదా’ అని నా బోర్డుకు సాక్ష్యంగా చెప్పుకునేవాణ్ని. ఈసారి కథ ఇంకోలా వినబడింది. ఆయనకు ముందు అందింది. అందినదానికి బదులుగా నీళ్లు తవ్వించాడు.

ఆ గుడి కోసమే వావిలికొలను సుబ్బారావు టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్షమెత్తాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా చేసినవాడు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నవాడు. అంత మనిషి ముక్కూ మొహం తెలియనివాళ్ల గుమ్మాల ముందు చిప్ప చాపి నిలబడ్డాడు. ఇవ్వడం అభ్యాసం మీద ఎవరికైనా వస్తుంది. చేయి చాపి పుచ్చుకోవడానికి చాలా లోతైన మనసు ఉండాలని నా నమ్మకం. నా చేతులు వణుకుతుంటే కూడా అవ్వ ముందు నేను చేయి చాపలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో 2009 గుర్తుకొచ్చింది. గుర్తుకు రాకుండా ఇన్నేళ్లు ఎలా గడిపానో తెలియదు. అక్టోబరు 2. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి, నీళ్లు వెనక్కి ఎగదన్ని ఊరు మునిగిపోయింది. మా వీధిలో నీళ్లు కిటికీలు దాటుతుంటే పక్క సందులో మేడ ఉన్న ఒక ముస్లిం కుటుంబం పైనుంచి ‘రండి, రండి’ అని కేకలు వేసింది. అంతకు ముందు వాళ్లతో నాకు పలకరింపు కూడా లేదు. మేము, ఇంకా ఎవరెవరో, అందరం ఆ మిద్దె మీదే. రంజాన్ వెళ్లి పది పన్నెండు రోజులైంది. ఇంట్లో మిగిలిన సేమ్యా వండి, ఖర్జూరాలు పంచి, ఆ ఇంటి తల్లి మా పిల్లలకే ముందు పెట్టింది. నీళ్లు తీశాక బయటి ఊళ్ల నుంచి లారీల్లో అన్నం పొట్లాలు వచ్చాయి. ఎవరో మనిషి బురదలో మోకాలి లోతు నడిచి వచ్చి నా చేతిలో పులిహోర పొట్లాలు పెట్టాడు. నేను విప్పి, ఒక ముద్ద తిని, ‘చింతపండు ఎక్కువైంది’ అన్నాను. ఆ మనిషి వినేలాగే అన్నాను.

కొట్టు పోయింది, బట్టలన్నీ బురద పట్టాయి, ఆ దుఃఖంలో అన్నానని సర్దిచెప్పుకోవచ్చు. హమాలీకి కూడా ఆ వేళ ఏ దుఃఖం ఉందో నేను అడిగానా?

ఆ మేడ తర్వాత చేతులు మారింది. ఆ కుటుంబం ఎక్కడికో వెళ్లిపోయింది. వాకబు చేస్తూనే ఉన్నాను. బోర్డు తీసేశాం, గొలుసులు విప్పేశాం. గ్లాసులు కొన్ని పోతున్నాయి, మళ్లీ తెస్తున్నాం. సీసాలు పట్టుకొచ్చేవాళ్లకు సీసా నింపి ఇమ్మని చెప్పాను. హమాలీని వెతుక్కుంటూ యార్డుకు పోయాను. భుజాన తువ్వాలు వేసుకున్నవాళ్లు అక్కడ ఎంతోమంది. నా బోర్డు చూడమని అతన్ని వెనక్కి పిలిచానే కానీ అతని ముఖం నేను సరిగా చూడలేదు. అందుకే గుర్తుపట్టలేకపోయాను.

ఆ అక్టోబరులో ఏ ఊళ్లో, ఏ గుడిలోనో మసీదులోనో బడిలోనో రాత్రంతా మేలుకుని గంగాళాల్లో పులిహోర కలిపి కర్నూలుకు పంపినవాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే చెబుతున్నాను. మీ పొట్లం మాకు అందింది. నా పెద్ద కూతురు రెండు పొట్లాలు తిని ఆ రాత్రి నిద్రపోయింది. చింతపండు సరిపోయింది.