నడిమిగోడ గోడు

లండన్‌లో కెంటిష్ టౌన్ వైపు, 1860ల నాటి వరుస ఇళ్లలో ఒకదాని అడుగు అంతస్తులో ఈ నడిమిగోడ ఉంటుంది. తొమ్మిది అంగుళాల మందం, పసుపు ఇటుక, సున్నపు అడుసు. వీధి వైపు గదికీ తోట వైపు గదికీ మధ్య నిలబడి, పైనున్న మూడు అంతస్తుల నేలవాసాల బరువు మోస్తుంది. ఇంతకాలంలో ఆ సంగతి గుర్తించి దండం పెట్టినంత పని చేసింది ఈమధ్య వచ్చిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఒక్కరేనట. మిగతావాళ్లందరి నోటా తనకు ఒకటే పేరు: అడ్డం.

అక్కడ ఇలాంటి ఇంటిని గార్డెన్ ఫ్లాట్ అంటారు. వినడానికి పూలతోటలో కుటీరంలా ఉంటుంది. అసలు సంగతేమిటంటే, పెద్ద ఇంటిని మన ఊళ్లలో పోర్షన్లు చేసినట్టు అంతస్తుకొకటిగా విడగొట్టినప్పుడు, సగం నేలలోకి దిగి ఉన్న వాటా ఇది. వెనక తోట ఉంది, నిజమే. ముందు కిటికీలోంచి మాత్రం పేవ్‌మెంటు మీద నడిచేవాళ్ల బూట్లు కనిపిస్తాయి. అమ్మకపు ప్రకటనలో బూట్ల ప్రస్తావన ఉండదని గోడ గుర్తుచేస్తుంది.

తన పుట్టుక గురించి అది ఎక్కువ చెప్పదు. లండన్ పొయ్యిల్లోని బూడిదను పడవల మీద కెంట్ ప్రాంతానికి తీసుకెళ్లి, జల్లించి, అక్కడి మట్టిలో కలిపి ఇటుక కోసేవారు. బూడిదలో మిగిలిన బొగ్గు నలుసుల వల్ల బట్టీలో ఇటుక లోపలినుంచి కూడా కాలేది. కాలిన ఇటుక అవే పడవల్లో థేమ్స్ మీదుగా వెనక్కి వచ్చేది. నగరం పారబోసిన బూడిదే ఆ నగరాన్ని మోస్తోందని చెప్పేటప్పుడు దాని గొంతులో కాస్త మిడిసిపాటు వినిపిస్తుంది.

మొదట్లో గదుల అమరిక గురించి పేచీ లేదు. ఇంటివాళ్లు పైన, వంటవాళ్లు కింద. రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్టు 1864లో ‘ది జెంటిల్‌మన్స్ హౌస్’ అని లావుపాటి పుస్తకం వేశాడు. యజమానులూ పనివాళ్లూ ఒకరి కంట ఒకరు పడకుండా ఇల్లు కట్టడం ఎలాగన్నది అందులో ముఖ్యమైన విషయం. ఆ లెక్కన అడుగు అంతస్తులో వంటిల్లు, గిన్నెలు తోమే గది, పేవ్‌మెంటు కింద బొగ్గు కొట్టు వచ్చాయి. ఎండ ఏ గదిలో పడుతుందో ఎవరూ చూడలేదు, పడినా అక్కడ ఉండేది పనివాళ్లే కాబట్టి.

1940 సెప్టెంబరులో బాంబులు పడటం మొదలైనప్పటి నుంచి మరుసటి ఏడు మే దాకా, ఇంటిల్లిపాదీ మెట్లు దిగి తన పక్కనే పడుకునేవారని గోడ చెబుతుంది. ఆ రోజుల్లో తనను అడ్డమన్న వాడు లేడు.

అసలు కష్టాలు 1960లలో మొదలయ్యాయి. ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టిన యజమాని చెయ్యి వేగం, బుద్ధి మందం. ముందుగదిని హాలు, వెనకగదిని పడకగది చేశాడు. తోటలోకి పొడుచుకుపోయిన సన్నటి వెనక కొట్టులో వంటిల్లు పెట్టి, దాని చివర బాత్రూము ఇరికించాడు. స్నానానికి వెళ్లాలంటే పొయ్యి పక్కనుంచి వెళ్లాలి. సాయంత్రం దాకా ఎండ ఉండే ఒకే ఒక గదిలో పగలు ఎవరూ లేని మంచం. వంటకాలు హాలు వైపు చేరవేయడానికి మధ్యలో ఒక కంత కావాలని గోడను పొడిచి, పైన పాత చెక్క ముక్కను ఆధారంగా ఇరికించాడు. ఆ కంత గుండా ఒక్క పళ్లెం కూడా దాటలేదు. కొన్నేళ్లకు ఎవరో దానికి హార్డ్‌బోర్డు కొట్టి రంగు వేసేశారు.

తరువాతి యజమానికి అద్దెల మీద ఆశ. ముందుగది మధ్యలో ప్లాస్టర్‌బోర్డు నిలబెట్టి రెండు గదులన్నాడు. తెర కిటికీ నడిబొడ్డున వచ్చి తగిలింది, సగం వెలుతురు ఇటు, సగం అటు. ఒక్కో గది వెడల్పు రెండు మీటర్లయినా లేదు. ఇంగ్లండులో 2015లో వచ్చిన గృహ కొలతల ప్రకారం ఒకరు పడుకునే గదికి కనీసం 2.15 మీటర్ల వెడల్పు, ఏడున్నర చదరపు మీటర్ల వైశాల్యం ఉండాలి. అది కొత్తగా కట్టే ఇళ్లకే. పాత ఇంట్లో నలిగిన వాళ్లను ఆ కాగితం పట్టించుకోదు.

ఇక చెమ్మ సంగతి. 1976 వేసవిలో ఇంగ్లండు కరువుకు లండన్ బంకమట్టి ఎండి కుంచించుకుపోయింది. నేల కింది పాత మట్టి మురుగుగొట్టం ఒక అతుకు దగ్గర విచ్చుకుంది. అప్పటినుంచి గోడ పాదం తడుస్తూనే ఉంది. రంగు ఉబ్బింది, ఉప్పు తేలింది, పెచ్చులు రాలాయి. వచ్చినవాడల్లా గోడనే తప్పుపట్టాడు. ఒకాయన వరసగా రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించాడు. ఇంకొకాయన సున్నపు గిలాబా చెక్కేసి నడుమెత్తు దాకా సిమెంటు పూశాడు. సున్నం అయితే పీల్చిన తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు దారి మూసేసరికి తడి ఇంకా పైకి ఎక్కింది. చివరికి మచ్చ కనబడకుండా ఒక పెద్ద బీరువా అడ్డం పెట్టారు. దాని వెనక చీకట్లో, బూజుతో, ఎన్నో ఏళ్లు. కాలి కింద గొట్టం కారుతోందని చెబుదామంటే గోడలకు చెవులు ఇచ్చిన లోకం నోరు ఇవ్వలేదే అని వాపోతుంది.

ఇలా ఉండగా ఒక యువజంట ఫ్లాట్ కొన్నారు. నలభై ఎనిమిది చదరపు మీటర్లు. మొదటి వారమే ఆయన గోడ మీద తట్టి, “ఇది తీసేస్తే ఎంత బాగుంటుందో!” అన్నాడు. నడిమిగోడ, దాంతోపాటు పక్కనున్న కారిడార్ కూడా పోవాలి, ఇల్లంతా ఒకే హాలు కావాలి. ముందువైపు ఒక మూలన పడకగదికి అద్దాల తెర.

చట్టం తన పక్షాన ఉందని గోడకు అప్పుడే తెలిసింది. ఫ్లాట్ లీజు కొన్నంత మాత్రాన ఇంటి బరువు మోసే గోడ వాళ్లదైపోదు. అక్కడ సాధారణంగా అది స్థలం అసలు యజమాని సొత్తు, రాతపూర్వక అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. ఇంజినీరు లెక్క కట్టి, మొత్తం తీసేస్తే ఎంత స్టీలు దూలం పడుతుందో, దాని రెండు చివరలకూ ఎంత ఆధారం కావాలో చెప్పేసరికి ఆయన ముఖం వాడిపోయింది. కారిడార్ తీసేయడంలో ఇంకో మెలిక ఉంది. వంట జరిగే హాలులోంచే పడకగదికి దారి అయితే, అగ్నిప్రమాదంలో బయటపడటానికి ఆ గదికి తగిన కిటికీ ఉండాలి: తెరుచుకునే ఖాళీ 0.33 చదరపు మీటర్లు, ఎత్తూ వెడల్పూ 45 సెంటీమీటర్లకు తగ్గకుండా, అడుగు అంచు నేల నుంచి 1.1 మీటర్లు మించకుండా. ఇక్కడి కిటికీకి దొంగల భయంతో బిగించిన ఇనుప కమ్మీలున్నాయి. దండగ అనుకున్న కారిడార్ మళ్లీ ప్లానులోకి వచ్చింది.

రెండో ప్లానులో బాత్రూము ఇంటి నడుమకు వచ్చింది. కాగితం మీద ముచ్చటగా ఉంది. మరుగుదొడ్డి గొట్టం సాధారణంగా నలభైకి ఒకటి వాలులో వెళ్లాలి, అంటే నాలుగు మీటర్లకు పది సెంటీమీటర్ల దిగుడు. అందుకు గచ్చు తవ్వాలి. పొరుగింటికి మూడు మీటర్లలోపు, వాళ్ల పునాది కన్నా లోతుగా తవ్వితే 1996 పార్టీ వాల్ చట్టం కింద నెల ముందు నోటీసు ఇవ్వాలి. తవ్వకుండా పంపు పెట్టుకోవచ్చు కానీ, అర్ధరాత్రి దాని రొద విన్న పై అంతస్తు వాళ్లు ఊరుకోరు. వెనక్కి పెంచుదామా అంటే, ఫ్లాట్లుగా విడగొట్టని ఇళ్లకు ప్లానింగ్ దరఖాస్తు లేకుండా కొంత పెంచుకునే వెసులుబాటు ఉంది, ఫ్లాట్లకు అది వర్తించదు.

అప్పుడు వాళ్లకు ప్లాను గీసిపెడుతున్న ఆవిడ పెన్సిలు పక్కన పెట్టి అడగాల్సిన ప్రశ్న అడిగింది: “పగలు మీరు ఎక్కడ కూర్చుంటారు?” నూటయాభై ఏళ్లలో ఈ ఇంట్లో ఆ ప్రశ్న మొదటిసారి వినిపించిందంటుంది గోడ. గదులెన్ని అని అడిగినవాళ్లే అందరూ.

జవాబు సులువు. నైరుతి ఎండ తోట వైపు ఉంది కాబట్టి కూర్చునేది అక్కడే. నిద్రకు చీకటి పనికొస్తుంది కాబట్టి పడక బూట్ల వైపుకు. ప్లాస్టర్‌బోర్డు తెర కూలింది, కిటికీ మళ్లీ ఒక్కటయింది, వీధి చప్పుడుకు లోపల రెండో అద్దం వేశారు. బాత్రూము మురుగుగొట్టం పక్కనే, ఉన్నచోటే ఉంది. వంట మాత్రం వెనకగదిలోకి, కొట్టును ఆనుకున్న వైపుకు జరిగింది. సింకు నీళ్లు కొట్టులోని పాత గొట్టంలో కలవడానికి వెనక గోడకు ఒక బెజ్జం చాలింది. ఖాళీ అయిన కొట్టులో బట్టలుతికే మిషను, ఒక బల్ల పట్టాయి. దాన్ని ఆయన రెండో పడకగది అనబోతే ఆవిడ టేపు చూపించింది. తోటలోకి వెళ్లడానికి, వెనక కిటికీ కింది ఇటుక కోసి తలుపు చేసేలా అనుమతి తీసుకున్నారు. వెడల్పు పెంచలేదు కాబట్టి పైనున్న ఆధారం కదపక్కర్లేదు.

పడకగది మరీ గుహలా ఉంటుందేమోనని వెతుకుతుంటే హార్డ్‌బోర్డు కింద పాత కంత బయటపడింది. చివికిన చెక్క తీసి కాంక్రీటు లింటెల్ వేయడానికి రెండు రోజులు ఆక్రో జాకీలు నిలబెట్టారు. 1930లలో లండన్‌లో వాటిని తెచ్చిన స్విస్ ఇంజినీరు తన లాయరు పేరు కలిపి ఆ పేరు పెట్టాడట. ప్లీడరు పేరున్న ఇనుప కర్ర తన బరువు మోయడం గోడకు నామోషీ. ఆ కంతలో ఇప్పుడు మంట తట్టుకునే అద్దం ఉంది, వెనకగది ఎండ దాని గుండా మంచం దాకా వస్తుంది. 1960ల నాటి పోటుకు ఇన్నాళ్లకు ఒక ప్రయోజనం దొరికిందని గోడ ఒప్పుకుంటుంది, క్షమించానని మాత్రం అనదు.

గోడ పాదం దగ్గర గచ్చు అంచు లేపినప్పుడు విచ్చుకున్న గొట్టం కూడా దొరికింది. కొత్తది వేసి, సిమెంటు ఊడగొట్టి, ఆరనిచ్చి, సున్నపు గిలాబా చేశారు. రసాయనం ఎక్కించిన రంధ్రాల వరస చూసి మేస్త్రీ నవ్వాడు.

మంచం తల ఎటు పెట్టాలన్న గొడవ ఆ ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు. అందులో తాను వేలు పెట్టనంటుంది గోడ. బీరువా మాత్రం తనకు ఆనించకుండా మూడు అంగుళాలు ఇవతలకు జరపమంటుంది.