చవగ్గా బండి కొనిపెట్టేవారికి కొన్ని చిట్కాలు

ఇంట్లో కాళ్ళు పనిచేయని మనిషి ఉన్నాడు. సొంతంగా తిరగడానికి ఒక బండి కొనిపెడదామని మీకు అనిపించింది. మంచిదే. మొట్టమొదట చేయాల్సింది ఆ సంగతి ఆయన చెవిన పడకుండా చూసుకోవడం. తెలిసిందంటే నేనూ వస్తానంటాడు. షోరూముకు మూడు మెట్లుంటాయి, ర్యాంపు ఉండదు, ఇద్దరు పట్టుకుని ఎక్కించాలి, పదిమందీ చూస్తారు. తీరా ఎక్కించాక సీటు ఎత్తుగా ఉందంటాడు, చంకకర్రలు ఎక్కడ పెట్టుకోవాలంటాడు, బ్రేకు అందుతుందో లేదో చూస్తానంటాడు. బేరం చెడగొట్టే మాటలు ఇవే. తేల్చాల్సింది మీరు, మీ బావగారు, ఇప్పటికి రెండు బళ్ళు కొని అమ్మిన ఎదురింటి ఆయన. నడిపేవాడిదేముంది, నడుపుతాడు.

ఆడపిల్లయితే పని ఇంకా తేలిక. దించి రావడానికి అన్నయ్య ఉన్నాడు కదా అంటే సరిపోతుంది. అన్నయ్యకు తీరికలేని రోజున ఆ పిల్ల కాలేజీ మానేస్తుంది. పెట్రోలు కూడా మిగులుతుంది.

ఏ బండి కొనాలన్న ప్రశ్నకు మన దగ్గర ఒకే సమాధానం, మైలేజీ. కాబట్టి గేర్ల మోటార్‌సైకిలే చూడండి. గేరు ఎడమకాలితో వేయాలి, వెనక బ్రేకు కుడికాలితో తొక్కాలి. కాళ్ళకు వ్యాయామమని నచ్చజెప్పవచ్చు. గేర్లులేని స్కూటర్‌కు రెండు బ్రేకులూ చేతుల దగ్గరే ఉంటాయి, స్విచ్చి నొక్కితే స్టార్టవుతుంది, అందుకే వెనక చెరోపక్క అదనపు చక్రాలు, అంటే సైడ్ వీల్స్, వేయించుకునేవాళ్ళు ఎక్కువగా దాన్నే కొంటారు. వాళ్ళకు మైలేజీ విలువ తెలియదనుకోవాలి. కుడిచెయ్యి బలహీనంగా ఉన్నవాళ్ళకు యాక్సిలరేటర్‌ను ఎడమవైపుకు మార్పించవచ్చని ఎవరైనా అంటే వినబడనట్టు ఊరుకోండి.

అసలు పొదుపంతా సైడ్ వీల్స్ దగ్గరే ఉంది. పుణేలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్లు దొరుకుతాయి. వికలాంగుల బళ్ళకు బిగించే కిట్ల మీద జీఎస్టీ కూడా 5 శాతమే. ఇవన్నీ డబ్బు ఎక్కువైనవాళ్ళకు. మీరు నేరుగా గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపుకు పోనివ్వండి. ఒక ఇనపగొట్టం, పాత స్కూటర్ చక్రాలు రెండు, సాయంత్రానికి బండి తయారు. ఆ చక్రాలకు స్ప్రింగులు అక్కర్లేదా అని మెకానిక్ అడిగితే వద్దనండి. స్ప్రింగులుంటే ఏ చక్రానికి ఆ చక్రం పైకీ కిందికీ ఆడుతుంది. లేకపోతే రెండు పక్క చక్రాలూ బిగదీసినట్టు నిలబడిపోతాయి. గొయ్యి వచ్చినప్పుడు ఆ రెండూ అంచుల మీద ఆగి, మధ్యలో ఇంజను తిప్పే అసలు చక్రం గాల్లో వేలాడుతుంది. మీవాడు యాక్సిలరేటర్ ఇస్తూ ఉంటాడు, చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది, బండి మాత్రం కదలదు. మన రోడ్ల మీద గోతులకు కరువు లేదు గనక ఈ వినోదం రోజూ ఉంటుంది.

మలుపుల సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు చక్రాల బండిని మలుపులో పక్కకు వాల్చి తిప్పుతాం. సైడ్ వీల్స్ బండి వాలదు, బరువంతా బయటివైపు చక్రం మీద పడుతుంది. అందువల్ల వేగం తగ్గించి, విశాలంగా తిప్పాలి. ఇవన్నీ చెప్పి భయపెట్టడం దేనికి? ముందురోజు దాకా చేతితో తిప్పే ట్రైసైకిల్ నడిపిన మనిషిని నేరుగా మెయిన్ రోడ్డెక్కించండి. ఖాళీ మైదానంలో నాలుగు రోజులు తిప్పించడం డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు పెట్టిన అలవాటు. బండి వెడల్పు కూడా కొలవకండి. ఇంటికి వచ్చాక సందులో పట్టకపోతే సందు చివర నిలుపుకోవచ్చు. అక్కడి నుంచి ఇంటిదాకా ఎలా వస్తాడంటారా? అదే కదా ఇన్నాళ్ళూ చేస్తున్నది!

వెనక్కి వెళ్ళే ఏర్పాటు మరో దండగ. కాళ్ళు నేలకు ఆనించి బండిని వెనక్కి నెట్టుకోలేనివాళ్ళకు రివర్స్ గేరు కిట్ దొరుకుతుంది. కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లకు రివర్స్ మోడ్ కంపెనీ నుంచే వస్తుంది. మన దేశంలో తోసేవాళ్ళకు తక్కువా? మందుల షాపు ముందు గోడకేసి నిలిపిన బండిని వెనక్కి లాగడానికి ఎవరో ఒకరు వస్తారు. పావుగంట ఆగాలి, అంతే.

బండి మార్చాక ఆర్టీఓ ఆఫీసు వైపు తల పెట్టి పడుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పులకు అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాలి. 2019 సవరణ తర్వాత ఇలాంటి బండికి చట్టంలోనే ‘అడాప్టెడ్ వెహికల్’ అన్న స్థానం ఉంది. తొలిసారి రిజిస్టర్ చేయించే ఫారం 20లో యజమాని దివ్యాంగుడన్న గడి కూడా 2020 అక్టోబరులో చేర్చారు. అవన్నీ వదిలేసి బండిని నాన్నగారి పేరునో బావగారి పేరునో రిజిస్టర్ చేయించండి, ఇంటిపెద్దకు గౌరవం. అడిగితే వచ్చే జీవిత పన్ను మినహాయింపు అప్పుడు అడగాల్సిన అవసరమే రాదు. ఇన్సూరెన్సులో సొంత నష్టం ప్రీమియంపై సగం తగ్గింపు ఇచ్చే నిబంధన మోటార్ టారిఫ్‌లో ఉంది. ఆర్‌సీలో ఆ మార్పు నమోదై ఉంటేనే అది వర్తిస్తుంది. ఏజెంటుకు అది గుర్తుండదు, మీరూ గుర్తుచేయకండి. రేపు ప్రమాదం జరిగి, చెప్పకుండా మార్చిన బండని కంపెనీ క్లెయిము తిప్పి పంపినప్పుడు మన ఖర్మ అనుకుంటే సరిపోతుంది.

ప్రభుత్వం ఇచ్చేది తెచ్చుకుందామనుకునేవారికి ఇంకో దారి. వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్‌తో మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టకండి. స్లాటు దొరకదు, దొరికినా డాక్టరు ఎంత శాతం వేస్తాడో తెలియదు. ఆ శాతమే అన్నిటికీ తాళంచెవి: 40 లోపైతే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నియోజకవర్గానికి పది చొప్పున 175 నియోజకవర్గాలకు 1,750 మోటారు బళ్ళు ఉచితంగా ఇస్తామని ప్రకటించినప్పుడు 70 శాతం వైకల్యం, 18 నుంచి 45 ఏళ్ళ వయసు, డ్రైవింగ్ లైసెన్సు అడిగారు. నియోజకవర్గంలో అర్హులు ఎంతమంది ఉన్నా బళ్ళు పదే. 46వ పుట్టినరోజు చేసుకున్నవాళ్ళు ఇంట్లోనే ఉండాలన్నమాట. తెలంగాణలో మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థ ద్వారా ఇలాంటి బళ్ళే ఇస్తుంటారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనిపెట్టి చూసే ఓపిక మీకు లేదని నాకు తెలుసు. గడువు అయిపోయాక ఎమ్మెల్యే గారి ఇంటికి వెళ్ళండి.

లైసెన్సు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ప్రభుత్వ బండి రావాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సు పరీక్షకేమో వైకల్యానికి తగినట్టు మార్చిన బండి మీదే రావాలి. ఆ బండే కదా మనం అడుగుతున్నది! ఈత వచ్చాకే చెరువులో దిగమన్నట్టు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, సైడ్ వీల్స్ బండి ఉన్న మరో మనిషిని వెతికి పట్టుకుని, ఎల్ఎల్ఆర్ తీసుకుని, ఆ బండి మీద నేర్చుకుని, దాన్నే అడిగి పరీక్షకు తీసుకెళ్ళడం. డాక్టరు ఇచ్చే ఫారం 1ఏతో, నడపగలడని అధికారికి నమ్మకం కుదిరితే, వైకల్యం ఉన్నా అడాప్టెడ్ వెహికల్‌కు లైసెన్సు ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది. అలా చేసినవాళ్ళ దరఖాస్తులు నిజంగానే ముందుకు వెళ్తాయి. మీరు ఆ తప్పు చేయకండి. బ్రోకరుకు డబ్బిచ్చి మామూలు స్కూటర్ లైసెన్సు తెప్పించండి. చేతిలో కార్డు ఉంటే చాలు కదా, దాని మీద ఏముందో ఎవరు చూస్తారు? అధికారి చూస్తాడు.

వికలాంగులకు ఉపకరణాలు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వానికి 1981 నుంచి ఏడిప్ పథకం ఉంది. దాని కింద కాన్పూరులోని అలిమ్‌కో తయారుచేసే బ్యాటరీ ట్రైసైకిళ్ళు క్యాంపుల్లో ఇస్తారు. మామూలుగా 80 శాతం వైకల్యం అడుగుతారు. 2014 నిబంధనల్లో ఒక్కో మోటారు ట్రైసైకిల్‌కు సాయం 25,000 రూపాయలు, అదీ పదేళ్ళకొకసారి. మిగతా ధర ఎంపీ నిధులో దాతలో సర్దాల్సివచ్చేది. కొలతల క్యాంపు ఒకరోజు, పంచే క్యాంపు ఇంకెప్పుడో. వేదిక మీద పెద్దలు జెండా ఊపేదాకా ఎండలో వరుసగా కూర్చోవడం కార్యక్రమంలో భాగం. ఇంటికి తెచ్చాక పూజ చేసి, మంచిరోజు వచ్చేదాకా మూలన పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి లేకుండా ఉండిపోతే లోపలి ప్లేట్లు పాడై సామర్థ్యం పోతుంది. నిండుగా ఛార్జి చేసి ఉంచితే ఎక్కువకాలం వస్తుంది. మీకు తొందరేముంది? ఎన్నేళ్ళకో మరొకటి వస్తుందిగా.

ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ చక్రాల కుర్చీకి ముందు తగిలించే నియోబోల్ట్ అనే మోటారును తెచ్చింది. గంటకు 25 కిలోమీటర్లు, ఒక ఛార్జికి పాతిక కిలోమీటర్ల దాకా, 2021లో ధర 55,000. ఇంట్లో కుర్చీ, బయట బండి. కుర్చీలోంచి బండిలోకి ఎవరూ ఎత్తి కూర్చోబెట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్ళకు పనిలేకుండా చేసే ఇలాంటి వస్తువుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

కారు కొనే స్తోమత ఉన్నవారికి ఒక్కమాట. కాళ్ళ వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి నాలుగు మీటర్లలోపు చిన్న కారుపై 28కి బదులు 18 శాతం జీఎస్టీతో సరిపెట్టే రాయితీ ఉండేది, దానికో సర్టిఫికెట్ కావాల్సివచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు అందరికీ 18 శాతమే. అయినా ఏజెంటుకు ఐదువేలిచ్చి ఆ రాయితీ సాధించి పెట్టమనండి.

ఇంటిముందు మూడు మెట్లను మాత్రం ముట్టుకోవద్దు. ఒక్కోటి ఆరంగుళాలైనా, పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు ప్రమాణం ప్రకారం ఒకటికి పన్నెండు వాలుతో పద్దెనిమిది అడుగుల ర్యాంపు కట్టాలి. తూర్పువైపు ర్యాంపు వాస్తుకు మంచిది కాదని చెప్పే పంతులుగారు ఎలాగూ దొరుకుతారు. లక్షరూపాయల బండి వీధిలో ఉంటుంది, మనిషి గడపలో ఉంటాడు.

కొన్నాళ్ళకు సైడ్ వీల్స్ విప్పించి బావమరిదికి ఇవ్వండి. పాల క్యానులకు పనికొస్తుంది. కొన్నది ఎవరికోసమో అప్పటికి ఇంట్లో ఎవరూ అడగరు, అడగాల్సిన మనిషికి అడిగే అలవాటు మొదటి రోజే పోగొట్టాం.

చివరిది, అన్నిటికంటే చవకైన దారి. ఊరికి ఒకటో రెండో సైడ్ వీల్స్ బళ్ళు నడిపేవాళ్ళు లేక గోనెపట్టా కప్పుకుని పడి ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చినదైతే అమ్మడానికి షరతులుంటాయి. సొంత డబ్బుతో కొన్నదైతే ఆర్‌సీ మార్పించుకుని, చక్రాల అతుకులు ఒకసారి మెకానిక్‌కు చూపించి, సగం ధరకో పావు ధరకో తీసుకోవచ్చు. మీ దొడ్లోనే అలాంటిదొకటి ఉందనుకోండి, టైర్లు పగిలి ఇనుము బరువుకు అమ్మే స్థితి వచ్చేదాకా కదిలించకండి. అది అవసరమైన మనిషి ఎవరో మీకు తెలుసు, ఫోన్ నంబరూ ఉంది. చేయకండి.