తమ దయ వల్ల అంతా క్షేమం

హైదరాబాదు గారికి తాడేపల్లిగూడెం నుంచి నమస్కారాలు. ఊరి పేరుకి ‘గారు’ ఏమిటని తమరు నవ్వుకుంటారేమో. మా పక్క మేం ఆవుదూడని కూడా ‘పక్కకి జరగండి’ అంటాం. నాలుగు వందల ముప్పై ఏళ్లు దాటిన పెద్దమనిషిని ఏకవచనంలో పిలవడానికి నాకు నోరు రావడం లేదు. కిందటి వేసవి సెలవుల్లో కుటుంబసమేతంగా తమ దర్శనానికి వచ్చి, మూడు రోజులుండి, క్షేమంగా తిరిగొచ్చాం. తమరు చేసిన మర్యాదలకి ఒక ఉత్తరం ముక్కైనా రాయకపోతే కళ్లు పోతాయి.

నేను ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని. లారీ దిగిన బస్తాలు కాటా ఎక్కుతుంటే పక్కన నిలబడి తూకాలు రాసుకోవడం నా పని. దానికి చెయ్యి చాలు, బుర్ర ఖాళీ. ఆ ఖాళీలో తమరు ఇరవై ఏళ్లుగా అద్దె ఇవ్వకుండా కాపురముంటున్నారు. ఇక్కడ యాభై రెండు కిలోలని రాస్తూ, అక్కడ నేను ట్యాంక్ బండ్ మీద నడుస్తుంటాను. పక్కన మా ఆవిడ పట్టుచీర కట్టుకుని ఉంటుంది. మే నెలలో పట్టుచీరేమిటంటే, ఆ ట్యాంక్ బండ్ మీదికి మే నెల రాదు. పిల్లలిద్దరి చేతుల్లో ఐస్‌క్రీములుంటాయి, అవి కారవు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులుండవు. డబుల్ డెక్కర్ బస్సు వచ్చి ఆగుతుంది, పై అంతస్తులో ముందు వరస సీట్లు మాకోసం ఖాళీగా ఉంటాయి. తమరెంత దయామయులంటే, ఈ ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ సీట్లలో పరాయి వాళ్లని కూర్చోబెట్టలేదు.

ఇది మాకు వంశపారంపర్యంగా వస్తున్న జబ్బు. మా తాతగారి కాలంలో మా జిల్లాల వాళ్లు ఓడెక్కి రంగం పోయేవారు. రంగూన్ అని పలకనక్కర్లేకుండానే అక్కడ కూలి దొరికేది. మా తాతగారు వెళ్లలేదు, వెళ్లొచ్చినవాళ్ల ట్రంకుపెట్టెలు చూసి బతికారు. మా నాన్నగారికి మద్రాసు. అక్కడ మౌంట్ రోడ్డులో 1959లో కట్టిన ఎత్తైన ఎల్.ఐ.సి. భవనం ఉంది. ఆయన దాన్ని పోయేదాకా చూడలేదు, కానీ పై అంతస్తు నుంచి మెరీనా ఎలా కనపడుతుందో మాకు చెప్పేవారు. నా వంతు వచ్చేసరికి సినిమావాళ్లు మద్రాసులో సామాన్లు సర్దుకుని తమ దగ్గరికి వచ్చేశారు, మా కలలు కూడా అదే లారీలో వచ్చేశాయి. హీరో ఊళ్లో బస్సెక్కుతాడు. తర్వాత చార్మినారు, ఆ తర్వాత హుస్సేన్ సాగర్లో బుద్ధుడు, ఆ తర్వాత ఉద్యోగం. తమ చరిత్ర నాకు తెలిసింది ఆ మూడు షాట్లే.

సరే, బయల్దేరే ముందు కాటా చీటీ వెనకాల చూడాల్సినవి రాసుకున్నాను. పదకొండు వచ్చాయి. రోజుకి నాలుగు చొప్పున చూస్తే మూడోరోజు సాయంత్రం ఖాళీ ఉంటుందని మా ఆవిడతో అన్నాను. ఆ సాయంత్రం ఏం చేయాలని ఇద్దరం కాసేపు దిగులుపడ్డాం కూడా.

శనివారం పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లింగంపల్లిలో దిగాం. దిగీదిగగానే ఒక ఆటో అబ్బాయి సామాను అందుకున్నాడు. ఆటోలో మీటరుంది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది. యంత్రాన్ని కూడా ఎండకి కష్టపెట్టని కారుణ్యం చూసి మా అమ్మ మురిసిపోయింది. మా కొట్లో బస్తాకి అర కిలో తేడా వస్తే ముఠా మేస్త్రి నుంచి షావుకారు దాకా అందరూ నోరు చేసుకుంటారు. తమ దగ్గర తూకమే లేదు, అంతా నమ్మకం మీద నడుస్తుంది.

మేం దిగింది నిజాంపేటలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ మా పేర్లు ఫోన్లో కొట్టి, మా ఐదుగురికీ ఫోటో తీసి పైకి పంపాడు. మా ఊళ్లో ఫోటో కావాలంటే స్టూడియోకి వెళ్లి డబ్బులిచ్చి తీయించుకోవాలి, తమరు ఉచితంగా తీయించారు. మా అన్నయ్య పెళ్లికి నాలుగు రోజులు ముందెళ్లి పందిరి రాటలు పాతినవాణ్ని నేను. వచ్చింది ఆ నేనేనని ఫోన్లో రుజువయ్యాక గేటు తెరుచుకుంది.

మా వదినది మంచి మనసు. ట్యాంకరు రేపు గానీ రాదని, ఇవాళ్టికి స్నానానికి మనిషికొక బకెట్టేనని చెప్పలేక చెప్పడానికి ఆవిడ పడ్డ అవస్థ చూసి నాకే సిగ్గేసింది. అప్పుడు మా అన్నయ్య ఒక మాట చెప్పాడు. ఎల్లంపల్లి దగ్గర గోదావరి నీళ్లు ఎత్తి, పైపుల్లో పోసి తమ దాకా తెస్తున్నారట. అంటే మాకంటే ముందే మా నది కూడా ఇల్లు వదిలి తమ దగ్గరికి కొలువుకి వచ్చిందన్నమాట. వచ్చి పదేళ్లయినా ఐదో అంతస్తు దాకా ఎక్కి ఒకసారి చుట్టాలని పలకరించే తీరిక దానికి దొరకలేదు. ఉద్యోగస్తుల సంగతి మాకు తెలుసు, ఏమీ అనుకోలేదు.

పలకరింపు అంటే గుర్తొచ్చింది. షావుకారు ఫోన్ చేస్తే నేను ‘ఆయ్, ఆయ్’ అంటున్నాను. మా అన్నయ్య కూతురు పకపకా నవ్వి, ‘బాబాయ్, ఇంకోసారి అనవా’ అని ఫోన్లో రికార్డు చేసుకుంది. మా అన్నయ్య వాళ్ల నాన్నకి చిన్నప్పుడు ‘ఆయ్’ అనకుండా ఒక్క మాటకీ జవాబిచ్చి ఎరగడు. తమరు ఆ మాటని ఆయన నోట్లోంచి ఎప్పుడు తీశారో, నొప్పి తెలియకుండా తీశారు.

ఆ మధ్యాహ్నం గోల్కొండ వెళ్లాం. కోట ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే, కొండ మీద బాలా హిస్సార్లో వినపడుతుంది. శత్రువు వచ్చాడని రాజుకి కబురందడానికి చేసిన ఏర్పాటు. 360 మెట్లు మా అమ్మ ఎక్కలేదు కదా, ‘నేనిక్కడ కొడతానురా, మీరు పైన వినండి’ అంది. పైకెక్కి చెవులు రిక్కించాం. చప్పట్లు వినపడుతున్నాయి, కానీ కింద యాభైమంది కొడుతున్నారు, వాటిలో మా అమ్మవి ఏవో పోల్చుకోలేకపోయాం. కిందికి దిగేసరికి ఆవిడ అరచేతులు ఎర్రగా ఉన్నాయి. ‘వినపడిందా?’ అంది. ‘వినపడిందమ్మా’ అన్నాను.

ఆ రాత్రి అన్నయ్య వాళ్ల 503 నంబరు గుమ్మం ముందు చెప్పులు విప్పుతూ, ‘పక్కింటివాళ్లు ఎవరన్నయ్యా?’ అని అడిగాను. ‘504లోనా? ఎవరో ఉంటార్రా’ అన్నాడు. ఆరేళ్లుగా ఒకే గోడ. కింద కొట్టిన చప్పట్లు కొండకొమ్మకి చేరే కట్టడం తమ పూర్వీకులు అంతకాలం కిందటే సాధించారు. గోడ అవతల మనిషి ఉన్నాడో లేడో తెలియనివ్వని కట్టడం సాధించడానికి మాత్రం ఇన్ని వందల ఏళ్లు పట్టింది. మరి అది కష్టమైన విద్య.

ఆదివారం మా అన్నయ్య కూడా వస్తానన్నాడు. వారమంతా పొద్దున ఎనిమిదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చే మనిషి, పదకొండు దాకా లేవలేదు. లేపడానికి మాకు మనసొప్పలేదు. ఆయన చార్మినారు చూసి ఏడేళ్లయిందట. ‘ఎక్కడికి పోతుందిరా, ఇక్కడే ఉంటుందిగా’ అని పక్కకి తిరిగి పడుకున్నాడు. చివరికి మేమే బయల్దేరాం.

మెట్రో గురించి మాత్రం ఒక్క వంకర మాట కూడా అననండి. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, చెప్పిన టైముకి వచ్చింది. అమీర్‌పేటలో తలుపు తెరుచుకున్నప్పుడు మా అమ్మాయి కాళ్లు కదపకుండానే మా దగ్గర్నుంచి పెట్టె అవతలి కొసకి ప్రయాణించింది. టికెట్ లేకుండా అంత దూరం ఇంకే ఊళ్లో తీసుకెళ్తారు?

ఎం.జి.బి.ఎస్.లో దిగి ఆటోలో మూసీ దాటుతుంటే మా వాడు ముక్కు మూసుకుని ‘కాలవా?’ అన్నాడు. ‘నది’ అన్నాను. వాడు నమ్మలేదు. పిల్లలు ఏలూరు కాలవ గట్టున పెరిగారు, నదంటే అంతకన్నా ఎక్కువ నీళ్లుండాలని వాళ్లకొక మూఢనమ్మకం. ఇదే మూసీ 1908 సెప్టెంబరులో పొంగి ఊరిని ముంచేస్తే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి నూట యాభైమంది బతికారని చెబుతారు. ఆ చెట్టింకా ఉంది. నది మళ్లీ అలాంటి పని చేయకుండా తమరు తీసుకున్న జాగ్రత్త కూడా కళ్లారా చూశాను. నదిలో నది తప్ప మిగతావన్నీ పోశారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన రెబెకా బొమ్మ ఉంది. పాలరాతి మొహం మీద పాలరాతి మేలిముసుగు. మా ఆవిడ దాని ముందు నిలబడి ‘రాయిని ఇంత పలచగా ఎలా...’ అనబోయింది. వెనకాల జనం తోపులో ఆ వాక్యం మిగతా సగం పక్క గదిలో పూర్తయింది. మా వాడి ధ్యాసంతా గడియారం మీదే. గంట కొట్టే వేళకి చిన్న గడ్డం మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చి, గంట మోగించి లోపలికి పోతాడు. నాలుగు కావస్తుంటే వాణ్ని భుజాల మీద ఎక్కించుకున్నాను. ముందున్న వరసలన్నీ ఒక్కసారి ఫోన్లు పైకెత్తాయి. నాకు వీపులు, వాడికి ఫోన్లు. ముందాయన ఫోన్లో అంగుళమంత గడ్డం మనిషి వచ్చి నాలుగుసార్లు కొట్టి వెళ్లిపోయాడు. ‘చూశావా?’ అన్నాను. ‘చూశాను నాన్నా, ఇంటి దగ్గర నీ ఫోన్లో కూడా వస్తుందిగా’ అన్నాడు. 

అక్కణ్నుంచి చార్మినారు నడకదూరమే అన్నారు. నిజమే, అంత జనంలో నడక తప్ప వేరే దారి లేదు. మా అమ్మ నాలుగడుగులకోసారి ఏదో ఒక కొట్టు మెట్టు మీద కూర్చుంటూ వచ్చింది. మేం చేరేసరికి టికెట్ల కౌంటరు మూసేశారు. అయినా లోటేమీ లేదు, కిందనుంచి చూశాం. సినిమాలో కూడా కిందనుంచే చూపిస్తారు. లాడ్ బజార్లో మా ఆవిడ లక్క గాజులు బేరమాడింది. కొట్టతను చెప్పిన ధరకి సగం అడిగి, ముప్పావుకి కొని, గెలిచానంది.

సోమవారం జూపార్కు. 380 ఎకరాలు, పులులు, సింహాలు, పొద్దున్నుంచి మా వాడు అన్నం ముట్టలేదు. సోమవారం సెలవని గేటుకి బోర్డుంది. తమ ఊళ్లో వారానికొక రోజు తీరిగ్గా కూర్చునేది ఆ జంతువులొక్కటే కాబోలు. వాటి సెలవు చెడగొట్టడం నాకూ ఇష్టంలేకపోయింది.

ఆ రాత్రి రైలుకి ముందు మా అన్నయ్య బాల్కనీలోకి పిలిచాడు. కింద బళ్ల లైట్లు కదలకుండా ఎర్రగా బారులు తీరి ఉన్నాయి. వాటినే చూస్తూ, ‘రిటైరయ్యాక గూడెం వచ్చేస్తాన్రా’ అన్నాడు. ‘కాలవ గట్టున చిన్న పెంకుటిల్లు, వెనకాల నాలుగు కొబ్బరిచెట్లు. పొద్దున్నే గట్టు మీద నడక. పక్కింటివాళ్లు కూరలు పంపిస్తారు.’ చెబుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. ఆయన గూడెంలో దోమల్లేవు. కరెంటు పోదు. గుండెనొప్పొస్తే డాక్టరు వీధి చివరే ఉంటాడు. ఎవరూ అప్పడగరు. నేను తూకాలు రాస్తూ తమ ట్యాంక్ బండ్ మీద నడిచినట్టే, ఆయన ఇన్నేళ్లూ ట్రాఫిక్‌లో కూర్చుని మా కాలవ గట్టు మీద నడుస్తున్నాడు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు అలా బారులు తీరేది ఎందుకో నాకప్పుడు తెలిసింది. లోపలున్నవాళ్లకి బయటి ఊరు, బయటున్నవాళ్లకి లోపలి ఊరు ఇంత అందంగా కనపడేలా చేసే శక్తి తమకి తప్ప ఎవరికుంది? ‘దోమలున్నాయన్నయ్యా’ అని చెప్పబోయి ఊరుకున్నాను. నా ట్యాంక్ బండ్ మీద మే నెల ఉందని ఆయన మాత్రం నాకు చెప్పాడా?

మర్నాడు మధ్యాహ్నానికల్లా కాటా దగ్గరున్నాను. కర్నూలు సరుకు లారీ దిగుతోంది. ముఠా మేస్త్రి బస్తా భుజాన వేసుకుని నా దగ్గర ఆగాడు. పాతికేళ్లుగా లారీలు దింపుతున్నాడు, విజయవాడ దాటి ఎరగడు.

“హైదరాబాదు ఎలా ఉందండి?”

ట్యాంక్ బండ్ గాలి గురించి చెప్పాను. మెట్రో గురించి చెప్పాను. గడ్డం తాత తలుపు తీసుకుని మా వాడి ఎదురుగా వచ్చి గంట కొట్టాడని చెప్పాను. కొండ మీద మా అమ్మ చప్పట్లు ఎంత స్పష్టంగా వినపడ్డాయో చెప్పాను. చెబుతుంటే అన్నీ నిజంగానే జరిగినట్టు నాకే గుర్తుకు రావడం మొదలైంది. అతను బస్తా దించడం మర్చిపోయి వింటున్నాడు. పక్కన లారీవాడు అరుస్తున్నాడు.

“మా పిల్లల్ని కూడా ఓసారి తీసుకెళ్లాలండి” అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు, “చార్మినారు పైకెక్కారాండి?” అని అడిగాడు.

“ఆయ్” అన్నాను.