చెవిలో బ్లూటూత్ పువ్వు

నిశ్శబ్దం చవకైపోయింది. ఒకప్పుడు విమానాల్లో ముందు సీట్ల వాళ్ల చెవులకే దక్కిన సరుకు ఇప్పుడు సూరత్ ఉధ్నా దర్వాజా దగ్గర మొబైల్ కవర్ల పక్కన వేలాడుతోంది. డబ్బా మీద ‘42 డీబీ వరకు నాయిస్ క్యాన్సిలేషన్’. దాని కింద ‘100 గంటల వరకు ప్లేబ్యాక్’. ఇంకా కింద 4,990 కొట్టేసి 1,299. కొట్టేసిన ఎమ్మార్పీ గురించి సూరత్‌వాడికి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. ఇక్కడి చీరకు అంటించిన చీటీకీ, ఆ చీర అమ్ముడుపోయే ధరకీ చుట్టరికం ఎప్పుడుంది గనక! అందుకని ధర జోలికి పోను. నా పేచీ అంతా ఈ ఇయర్‌బడ్స్‌ని పరీక్షించి ‘రోజువారీ వాడకానికి బెస్ట్’ అని తీర్పులిచ్చే రివ్యూ వీరులతో.

ఆ వీరుడి రోజు ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. తలుపులు బిగించిన ఏసీ గది, వెనక గోడ మీద నీలం లైటు, ముందు ఓ పెద్ద మైకు. స్పీకర్‌లో విమానం మోత రికార్డింగ్ పెడతాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు. కళ్లు మూసుకుని, మోక్షం వచ్చినవాడిలా ఓ చిరునవ్వు నవ్వుతాడు. ఆ తర్వాత కెఫేలో, జిమ్‌లో, మెట్రోలో ఎంత బాగుందో చెప్పుకొస్తాడు. సూరత్‌లో మేం మెట్రో ఎక్కకముందే దాని తవ్వకాల మోత ఏళ్ల తరబడి విన్నవాళ్లం. మా రోజు ఆయన రోజులా ఉండదు.

ఖటోదరా రోజు ఎలా ఉంటుందో చెబుతాను. జీఐడీసీ పారిశ్రామికవాడ సందుల్లో నడుస్తుంటే కంటికి ఏమీ ఆనకముందే చెవికి ఊరు తెలిసిపోతుంది. ఒక రేకుల షెడ్డు, అందులో వరసగా సాంచెలనే మరమగ్గాలు, నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ కొట్టుకునే నాడెలు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి తరాలుగా ఇటు వచ్చిన మనవాళ్లు లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియాల్లో కాపురాలు పెట్టుకుని ఈ మోతలోనే బతుకు నేశారు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడుపుతోందంటే ఎంతమంది వచ్చి ఉంటారో మీరే ఊహించుకోండి. ఇప్పుడు సాంచెల మీద మనవాళ్ల పక్కనే ఒడిశా గంజాం కుర్రాళ్లు ఉన్నారు. దిన్ పాళీ అయినా రాత్ పాళీ అయినా 12 గంటలు. నాడె కొట్టే షెడ్డులో శబ్దం 95 నుంచి 105 డెసిబెల్స్ ఉండటం మామూలు సంగతి. అక్కడ మాటలుండవు. సైగలుంటాయి, పెదాలు చదవడం ఉంటుంది. పాళీ దిగాక కూడా కాసేపు ఎదుటివాడు అరిచి చెబితేగానీ వినపడదు.

అలాంటి షెడ్డులో పనిచేసే ఓ కుర్రాడు ఫోన్‌లో ప్రకటన చూపించి అడిగాడు: “అన్నా, ఇది చెవులల్ల వెట్టుకుంటె సాంచె సప్పుడు ఇనరాదట గదా, నిజమేనా?”

డబ్బా మీది లెక్కను నమ్మితే నిజమే. 30 డెసిబెల్స్ తగ్గడమంటే శబ్దశక్తి వెయ్యో వంతుకు పడిపోవడం. 42 తగ్గితే పదిహేను వేల వంతుల్లో ఒక వంతే మిగలాలి. అంటే 100 డెసిబెల్స్ సాంచె మోత 58కి దిగి, మన వరండాలో ముచ్చట పెట్టుకున్నంత మెత్తగా వినిపించాలి. 1,299 రూపాయలకు ఇంతటి మహత్యం చేయగలిగిన కంపెనీ ఇయర్‌బడ్స్ అమ్ముకుంటూ ఎందుకు కూర్చుందో నాకు అర్థం కాదు. నేరుగా ఖటోదరా వచ్చి ఒక్కో షెడ్డుకు ఒక్కో పెద్ద హెడ్‌ఫోన్ తొడిగి పోవచ్చు కదా.

విషయం ఏమిటంటే, ఆ 42 అన్ని శబ్దాలకూ వర్తించేది కాదు. ల్యాబ్‌లో, ఏదో ఒక మంద్రమైన స్వరం దగ్గర, చెవికి బిగుతుగా కూర్చున్నప్పుడు వచ్చిన అతి గొప్ప అంకె అది. ఏదో ఒక్కరోజు బడికి వేళకు ముందే వచ్చిన పిల్లాడికి ఏడాది మొత్తానికీ క్రమశిక్షణ బహుమతి ఇచ్చినట్టు, ఆ ఒక్క అంకెను తెచ్చి డబ్బా నిండా పరిచారు.

మోతను మోతతోనే చల్లార్చే ఈ ‘ఏఎన్‌సీ’ విద్య పాతదే. పౌల్ లూగ్ అనే జర్మన్ 1930ల్లోనే దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. బయటి శబ్దాన్ని మైకు పట్టుకుంటుంది. దానికి సరిగ్గా తలకిందులైన అలను స్పీకర్ వదులుతుంది. రెండూ కొట్టుకుని చల్లారతాయి. 1978లో జూరిక్ నుంచి బోస్టన్ పోతున్న విమానంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంజిన్ మోతలో పాట వినపడక విసిగిపోయిన అమర్ బోస్ ఆ ప్రయాణంలోనే లెక్కలు మొదలెట్టాడు. బెంగాల్ నుంచి అమెరికా చేరిన ఒక స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు ఆయన. సరుకు పైలట్ల హెడ్‌సెట్‌గా బయటికి రావడానికి 1989 దాకా పట్టింది. గమనించండి, పుట్టుకే విమానం ఇంజిన్ కోసం. ఇంజిన్ మోత మంద్రంగా, ఎడతెగకుండా, ఒకే తీరున సాగుతుంది. తర్వాతి అల ఎలా వస్తుందో చిప్ ముందే పసిగట్టగలదు. శబ్దం వెయ్యి హెర్ట్జ్ దాటి కీచుగా మారేకొద్దీ అల పొడవు కుంచించుకుపోతుంది, రవ్వంత ఆలస్యమైనా ఎదురు అల గురి తప్పుతుంది. ఇక ఠక్కున వచ్చి ఠక్కున పోయే చప్పుడుకు దీని దగ్గర మందు లేదు. నాడె దెబ్బ అచ్చంగా అలాంటిది. ప్రతి దెబ్బా కొత్త దెబ్బే, అందులో మంద్రం నుంచి కీచుదాకా అన్నీ ఉంటాయి.

కాబట్టి సాంచె పక్కన ఈ పువ్వు చెవిలో పెట్టుకున్నవాడికి తగ్గేదేమిటి? సీలింగ్ ఫ్యాను హోరు తగ్గుతుంది. మోటారు గురగుర కొంత తగ్గుతుంది. నాడె మాత్రం నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంటుంది. పైగా చుట్టూ ఉన్న హోరు తగ్గింది గనక ఇంకా స్పష్టంగా.

డబ్బా మీద ఇంకో తమాషా ఉంది, ‘ఐపీఎక్స్4’. చెమటకూ నీటి తుంపరకూ ఆగుతుందన్నమాట. అందులో ‘ఎక్స్’ ఉన్న చోట ధూళికి తట్టుకునే అంకె ఉండాలి. ఎక్స్ అంటే ఆ అంకె ఇవ్వలేదని. దారపు నూగు గాల్లో ఎగిరే షెడ్డులో పనిచేసేవాడు ముందు చూడాల్సింది ఆ ఎక్స్‌నే. ఏ రివ్యూ వీరుడూ దాన్ని చదివి వినిపించిన పాపాన పోలేదు. ఇక ‘ఈఎన్‌సీ’ అని మరో రకం ఉంది. అది ‘ఏఎన్‌సీ’కి తోడబుట్టినట్టు కనిపిస్తుందిగానీ పని వేరు. మీరు ఫోన్ మాట్లాడేటప్పుడు మీ వెనక ఉన్న గోల అవతలివాళ్లకు వినపడకుండా చేస్తుంది. సిరిసిల్లలో అమ్మకు సాంచె సప్పుడు తగ్గుతుంది, ఖటోదరాలో కొడుక్కి తగ్గదు. బీఐఎస్ నంబరు ఉందిగా అని ధీమా పడేవాళ్లకు ఒక మాట: అది కరెంటు, బ్యాటరీ భద్రతకు సంబంధించినది. నిశ్శబ్దానికి గ్యారంటీ ఇచ్చే ముద్ర కాదు.

అసలు ప్రమాదం వేరే ఉంది. నాడె వినిపిస్తూనే ఉంటుంది గనక కుర్రాడు పాట పెంచుతాడు. 100 డెసిబెల్స్ మోత మీద పాట వినపడాలంటే అది ఎంత గట్టిగా ఉండాలో చెప్పక్కర్లేదు. షెడ్డులో ఒక మోత, చెవిలో ఇంకో మోత. గట్టి శబ్దాలతో పాటలు వినడం వల్ల 100 కోట్లకు పైగా యువతీయువకుల వినికిడి ప్రమాదంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. వాళ్లలో మెజారిటీకి చుట్టూ సాంచెలైనా లేవు.

మన చట్టం ఈ విషయంలో ఆశ్చర్యపోయేంత తెలివైనది. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్‌లో మనిషి 8 గంటలు ఉండొచ్చు. 95 అయితే 4 గంటలు. 100 అయితే 2 గంటలు. 105 అయితే ఒక్క గంట. అంటే 100 ఉన్న షెడ్డులో ఉదయం ఏడుకు పాళీ ఎక్కినవాడు తొమ్మిదికి దిగి, ఛాయ్ తాగి, ఇంటికి పోయి పడుకోవాలి. ఈ పట్టిక రాసిన అధికారి ఎప్పుడైనా ఖటోదరా వచ్చి ఉంటే 12 గంటల పాళీ చూసి కంగారు పడేవాడేమో. మోత వల్ల వచ్చే చెవుడు చట్టం దృష్టిలో ప్రకటించి తీరాల్సిన వృత్తిరోగం. వృత్తిరోగం గనక దానికి నష్టపరిహారం కూడా ఉంది. అయితే ఆ చెవుడు ఒక్కరోజున రాదు. చెయ్యి తెగితే రక్తం కారుతుంది, పంచాయితీ అవుతుంది. చెవి పోతే ఏ చప్పుడూ ఉండదు. ‘వీడికి వయసొచ్చింది’ అంటారు, అంతే. ఫ్యాక్టరీ అనిపించుకోకుండా షాపు లైసెన్సు మీద నడిచే షెడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ ఆ పట్టిక చెవిటివాని ముందు శంఖమే.

ఈ లెక్కన రేపు దీపావళికి ఎవరో ఓ తెలివైన శేఠ్ బోనస్‌లో కోత పెట్టి తలా ఒక జత బడ్స్ పంచుతాడు. మిఠాయి డబ్బాతో ఫొటో దిగుతాడు. ‘కార్మికుల వినికిడి మా బాధ్యత’ అని కింద రాయిస్తాడు. నాడె లేని రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలు పెట్టడం, షెడ్డు గోడలకు మోత పీల్చే పూత వేయించడం, పాళీ తగ్గించడం, ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు. మోత పుట్టేచోట ఆపడం శేఠ్ ఖర్చు. మోత చేరేచోట ఆపడం చెవిగలవాడి ఖర్చు. ఈ చవక నిశ్శబ్దం వ్యాపారం మొత్తం ఈ రెండో వాక్యం మీదే నిలబడింది.

న్యాయానికి ఇదీ చెప్పాలి. ఉధ్నా దర్వాజా నుంచి సచిన్ జీఐడీసీ దాకా బీఆర్‌టీఎస్ బస్సులో పోయేవాడికి ఈ సరుకు నిజంగా పనిచేస్తుంది. బస్సు హోరు విమానం హోరుకు తమ్ముడే. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ పోయేటప్పుడు ఏసీ పెట్టెలోనూ పనిచేస్తుంది. చాయ్‌వాలా కేకను మాత్రం ఆపలేదు, ఆపకపోవడమే మేలు. ప్రయాణానికే కొంటున్నారా, డెసిబెల్స్ వదిలేయండి. లోపలా బయటా రెండు చోట్లా మైకులున్న హైబ్రిడ్ రకమా అని అడగండి. డబ్బాలో వచ్చిన మూడు సైజుల రబ్బరు టిప్పుల్లో మీ చెవికి బిగుతుగా పట్టేదేదో చూసుకోండి, కీచు శబ్దాలను ఆపేది చిప్ కాదు, ఆ రబ్బరే. ఏఎన్‌సీ వేసినప్పుడు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడగండి, 100 గంటలు అది ఆపేసినప్పటి మాట. సూరత్ ఉక్కపోతలో చెవి మొత్తం కప్పే రకం అరగంటకే తడిసిపోతుంది, అది మీ ఇష్టం. బండి నడిపేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకోండి.

సాంచె మీద పనిచేసే తమ్ముళ్లు ఆ 1,299 దాచుకోండి. మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్గుల జత ఛాయ్ ఖరీదుకు అటూ ఇటూగా దొరుకుతుంది. దాని డబ్బా మీదా అంకె ఉంటుంది, దాన్నీ సగానికి కోసే లెక్కేసుకోవాలి. అయినా నాడె కీచును అది ఆపినట్టు ఏ బ్లూటూతూ ఆపదు, దానికి చార్జింగూ అక్కర్లేదు. అది కొనివ్వాల్సింది శేఠ్, అడగడానికి మొహమాటపడకండి. మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఏడాదికోసారి వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకుని ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. రేపు పరిహారం అడగాల్సి వస్తే పనికొచ్చేది ఆ కాగితమే.