అడిగేవాడికి చెప్పేవాడు లోకువ

వ్యక్తిగత గోప్యత, అంటే తన గురించిన ఏ సంగతి ఎవరికి, ఏ పని నిమిత్తం, ఎంతవరకు తెలియాలో తానే నిర్ణయించుకునే అధికారం, భారత పౌరుడికి ఉన్నదా లేదా అన్న సందేహం 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఏకగ్రీవ తీర్పుతో తీరిపోయింది. అది ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం 1954, 1962 నాటి తీర్పుల దుమ్ము దులిపి వాదించగా, అవునని నిరూపించే బాధ్యతను కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వార్ధక్యంలో తలకెత్తుకున్నారు. ఆనాటి నుంచి హక్కు ఉన్నది. దానిని వాడుకునే తీరికే పౌరుడికి బిల్లింగ్ కౌంటర్ దగ్గర దొరకడం లేదు.

రెండు తువ్వాళ్లు కొన్న మనిషిని క్యాషియర్ తలెత్తకుండానే "నంబర్ చెప్పండి సార్" అనడం, ఆయన వెనక క్యూ మొత్తానికి వినపడేలా పది అంకెలూ అప్పజెప్పడం, అడిగితే పెళ్లిరోజు కూడా సమర్పించుకోవడం నేటి వాణిజ్య మర్యాద. దీనికి సమ్మతి అని పేరు. నీతిశాస్త్రం ప్రకారం సమ్మతి చెల్లాలంటే అడిగినది దేనికో తెలియాలి, కాదనే వీలుండాలి, కాదన్నందుకు నష్టం కలగకూడదు. నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో వర్తకులకు సూచించింది గాని, నంబరు కొట్టనిదే కంప్యూటర్ బిల్లు ఇవ్వదంటే ఆ కంప్యూటర్‌తో వాదించగల పౌరుడు ఇంకా పుట్టలేదు.

ప్రభుత్వం జాగ్రత్తలు చెప్పలేదనడం అన్యాయం. ఆధార్ సంస్థకు ఒకప్పుడు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసి, 2018 జూలై నాటికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అధ్యక్షుడిగా ఉన్న ఆర్.ఎస్. శర్మ తన ఆధార్ నంబరును ట్విటర్‌లో పెట్టి, చేతనైతే హాని చేసి చూపమని సవాలు విసిరారు. ఔత్సాహికులు ఆయన ఫోన్ నంబరు మొదలైనవి బయటపెట్టి, ఖాతాలో ఒక రూపాయి జమ కూడా చేసి చూపగా, హాని ఏమీ జరగలేదని ఆయన తేల్చారు. నంబరును బహిరంగంగా పెట్టవద్దని ఆధార్ సంస్థ కొద్ది రోజుల్లోనే ప్రజలకు హితవు పలికింది. 2022 మే 27న ఆ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, అనుమతి లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ కాపీలు తీసుకోరాదని ప్రకటించింది. అపార్థానికి తావుందంటూ కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ రెండు రోజులకే దానిని ఉపసంహరించి, పౌరులు మామూలు వివేకం చూపితే చాలన్నది. ఆ వివేకాన్ని ఏ జెరాక్స్ షాపులోనైనా చూడవచ్చు: వంకరగా పడిన కాపీ, ముఖమూ పుట్టిన తేదీ ఇంటి నంబరూ చక్కగా చదువుకునేలా, మెషిన్ పక్కనున్న అట్టపెట్టెలో పడుతుంది, మనిషి మాత్రం తిన్నగా పడిన కాపీని భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని వెళ్తాడు.

ఈ లోపాలన్నిటికీ విరుగుడుగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచారం ఎవరిదో ఆ మనిషిని ఇది డేటా ప్రిన్సిపల్ అనీ, దానిని తీసుకుని వాడుకునే సంస్థను డేటా ఫిడ్యూషియరీ, అనగా ధర్మకర్త అనీ పిలుస్తుంది. దేవుడి మాన్యాలు కొందరు ధర్మకర్తల చేతుల్లో ఏమయ్యాయో తెలిసిన తెలుగు పాఠకుడికి ఇంతకుమించి వివరణ అక్కరలేదు. రక్షణలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది, అయితే అది భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. గుట్టు రట్టయిన మనిషికి ఈ చట్టం కింద పరిహారం లేదు. ఆయన తప్పుడు ఫిర్యాదు చేశాడని తేలితే మాత్రం పదివేల దాకా చెల్లించుకోవాలి.

ఇదే చట్టం సమాచార హక్కు చట్టాన్నీ సవరించింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా గోప్యతకు అకారణంగా భంగం కలిగించే వ్యక్తిగత సంగతులను మాత్రమే దాచే పాత షరతు పోయి, వ్యక్తిగత సమాచారమైతే చాలు నిరాకరించవచ్చునన్న వెసులుబాటు వచ్చింది. విస్తృత ప్రజా ప్రయోజనముంటే వెల్లడించవచ్చునన్న మరో సెక్షన్ అలాగే ఉన్నదని ప్రభుత్వం భరోసా ఇస్తున్నది. ఆ ప్రయోజనం ఉన్నదో లేదో మొదట తేల్చేది దరఖాస్తు అందుకున్న కార్యాలయమే. 2025 నవంబరులో నియమాలు వెలువడగానే ఈ సవరణ అమలైంది. పౌరుడి సమ్మతికి విలువనిచ్చే నిబంధనలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు.

అధికారం ఎంత పెద్దదైతే అంత బయటపడాలని, మనిషి ఎంత బలహీనుడైతే అతడికి అంత చాటు ఉండాలని గోప్యతా నీతి చెబుతుంది. చట్టం బయటపడటాన్నీ చాటునూ రెండింటినీ పంచిపెట్టింది గాని, చిరునామాలు తారుమారయ్యాయి. ఈ తారుమారుకు పౌరుడి సమ్మతి ఎప్పుడు తీసుకున్నారని ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే, అది వ్యక్తిగత సమాచారమన్న జవాబు చట్టబద్ధంగానే రావచ్చు.