తోతాపురి టెంక నాటితే తోతాపురి రాదెందుకు?

మా కార్వేటినగరం చుట్టుపక్కల బైపీసీ చదివే పిల్లల్ని ఎవరినైనా అడగండి. సమవిభజనలో పిల్లకణాలెన్ని, క్షయకరణ విభజనలో ఎన్ని అంటే ప్రశ్న పూర్తికాకముందే రెండు, నాలుగు అంటారు. మీ తోటలో తోతాపురి టెంక నాటితే తోతాపురే కాస్తుందా అంటే నోరు మెదపరు. వాళ్లలో చాలామంది మామిడి రైతుల బిడ్డలే. నాకు మండేది ఇక్కడే.

మా రోజుల్లో కోచింగులు లేవు, బిట్ల పుస్తకాలు లేవు. బడికంతా ఒకటే మైక్రోస్కోపు. సీసా మూతి మీద ఎర్రగడ్డను, అడుగు నీళ్లకు తగిలేటట్టు నిలబెట్టేవాళ్లం. వేళ్లు దిగాక పొద్దున్నే కొసలు కోసి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఉంచేవాళ్లం. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వేడిచేసి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ వేసి బొటనవేలితో నొక్కేవాళ్లం. వేలు పక్కకు జరిగితే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. కుదిరిందంటే ఎర్రటి క్రోమోజోములు కంటపడేవి. ఎర్రగడ్డ కణంలో అవి 16. ఒక కణంలో నడుమ బారులు తీరి, ఇంకోదాంట్లో రెండు జట్లుగా విడిపోయి చెరో కొసకు పోతూ కనిపించేవి. కణాన్ని చూసి బొమ్మ వేసేవాళ్లం. ఇప్పుడు బొమ్మ చూసి బొమ్మ వేస్తున్నారు.

చూసి లెక్కపెట్టడం చిన్న సంగతి కాదు. మనిషి కణంలో 48 క్రోమోజోములని మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతా పుస్తకాల్లో రాసుకుంది. 1956లో త్యో, లెవాన్ అనే ఇద్దరు శ్రద్ధగా చూసి, 46 అని తేల్చారు.

ఇక మామిడి సంగతి. అంటు కొమ్మ పెరిగేది సమవిభజనతో. తల్లిచెట్టు జన్యువులే ప్రతి కొత్త కణానికీ ఉన్నవున్నట్టు అందుతాయి, అందుకే కాయ మారదు. టెంక దారి వేరు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజనలో మామిడి 40 క్రోమోజోములు 20 అవుతాయి, ప్రతిసారీ కొత్త కలయికతో. ఆపైన ఈగలు పక్కచెట్టు పుప్పొడి మోసుకొస్తాయి. కాబట్టి టెంకలో ఉండేది తల్లికి నకలు కాదు, కొత్త మొక్క. మన నీలాన్ని ఉత్తరాది దసేరీతో సంకరం చేసి మల్లిక, ఆమ్రపాలి రకాలను తీసింది ఈ కొత్తదనాన్ని వాడుకునే.

చెనక్కాయ దీనికి ఎదురు. దాని పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అందుకే దాచిన విత్తనం వేస్తే అదే రకం వస్తుంది. బఠానీదీ ఇదే గుణం. మెండెల్‌కు స్వచ్ఛమైన రకాలు దొరికాయి గనకనే రెండో తరంలో 3:1 లెక్క తేలి, 1866లో అచ్చయింది. పిల్లలకు 3:1 తెలుసు, తాతలు విత్తనం ఏరి దాచడమూ తెలుసు. ఆ రెంటినీ కలిపి చెప్పేవాళ్లే కరువయ్యారు.

మేనరికాల దగ్గర ఈ లోటు ఇంకా బాధపెడుతుంది. లోపమున్న అంతర్గత జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం బావామరదళ్ల బిడ్డలో 16లో 1, మేనమామ, మేనకోడళ్ల బిడ్డలో 8లో 1. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశపు మేనరికాల లెక్కతీసి 1960ల్లోనే పత్రాలు రాశారు. ఇన్నేళ్లయినా ఆ లెక్క పెళ్లిచూపుల ఇంటికి చేరలేదు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమని రాసి మార్కు తెచ్చుకున్న పిల్ల, ఆడపిల్ల పుట్టిందని వదినను తిడుతుంటే ఇంట్లో ఎదురుచెప్పలేకపోతోంది.

ఇప్పటి పిల్లలకు తెలివి తక్కువా? కానే కాదు. మేం ఊహించని వీడియోలు వాళ్ల ఫోన్లో ఉన్నాయి, హైదరాబాదులో సీసీఎంబీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. తక్కువైంది తీరికగా చూపించే పెద్దలు. మా ఊరి డైట్‌లో చదివే కాబోయే పంతుళ్లను అందుకే అడుగుతున్నా: విత్తనం కొనేటప్పుడు, సంబంధం చూసేటప్పుడు, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పనికొచ్చేటట్టు జీవశాస్త్రం చెప్పండి. పరీక్షలు అయిపోయాక పిల్లల దగ్గర మిగిలేది ఆ చదువే.